నీలిమ చేతిలో పలక

కాశీబుగ్గ
10 జూన్ 2024, సోమవారం

హరిప్రియమ్మకి మావయ్య దీవెనలు.

ఎడమ చెయ్యి యంత్రానికి అప్పగించి కుడి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే కింద పెట్టుకున్న అట్ట జారిందనుకో, నాకేదో అయిందని కంగారు పడకు. నా మూత్రపిండాలు మానేసిన పని ఈ డయాలసిస్ యంత్రం చేసిపెడుతుంటే, వారానికి మూడు రోజులు, వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు, నేనిలా వెల్లకిలా పడి పైకప్పు చూస్తూ ఉండాలి. ఫోన్ చేద్దామంటే వార్డులో మాట్లాడనివ్వరు. ఇంటి దగ్గర చేద్దామంటే రెండు ముక్కలయ్యేసరికి మీ అత్త బొడ్డమ్మ లాగేసుకుంటుంది. అందుకని ఉత్తరం. నువ్వు కూడా ఉత్తరమే రాయి. పక్క మంచం అప్పలసూరికి చదివి వినిపిస్తాను. డొంకూరు మనిషి, సముద్రం మీద వేటకెళ్ళి బతికినవాడు. ఇప్పుడు కాశీబుగ్గలో కూతురింట్లో ఉంటున్నాడు. నా కబుర్లన్నీ వాడికి అరిగిపోయాయి, కొత్తవి కావాలి.

ఇక్కడి విశేషం, ఈ కేంద్రం నడిపే ట్రస్టు వాళ్ళు కొత్త యంత్రాలు తెచ్చారు. పాతవాటికి మీటలుండేవి. వీటికి అద్దం తాకితే చాలు. నర్సులకి తలా ఒక టాబ్లెట్ కూడా ఇచ్చారు, ఇక రాతకోతలన్నీ అందులోనేనట. మీ అత్తకి టాబ్లెట్ అంటే మంచినీళ్ళతో మింగేదే తెలుసు. "అంత పెద్దది ఎలాగ మింగుతారు?" అంది. నేనైతే దాన్ని పలక అంటున్నాను. ఆకారం అదే కదా.

నీలిమ అని కొత్త నర్సు వచ్చింది. టెక్కలి వైపు పిల్ల. నన్ను బాబాయ్ అంటుంది. మనిషి నెమ్మది, సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ ఆ పలక వదలదమ్మా! నా బరువు చూసి పలక చూస్తుంది, రక్తపోటు చూసి పలక చూస్తుంది, ఒక్కోసారి ఏమీ చూడకుండానే పలక చూస్తుంది. నా మొహం ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలుసునని నేను అనుకోను. అప్పలసూరి ఏమన్నాడో తెలుసా? "బావా, ఈ గుంట పెళ్ళిసూపుల్లో పెళ్ళికొడుకుని కూడా సూడదు. ఆడి బొమ్మ పలకలో ఎతుక్కుంటాది" అన్నాడు. నవ్వలేక పొట్ట పట్టుకున్నాను.

నర్సులకి పాఠాలు చెప్పేదానివి, మీ కాలేజీలో ఇదేనా నేర్పుతున్నారు?

తోటలో జీడి కాపు అయిపోయింది. ఎలుగుబంటి ఒకటి పనసపళ్ళకి మరిగి పొద్దున్నే దర్జాగా వచ్చిపోతోంది. నాకేమో కొబ్బరి తోట పెట్టుకుని కొబ్బరినీళ్ళు తాగకూడదు, జీడితోట పెట్టుకుని జీడిపప్పు ముట్టకూడదు. ఆ ఎలుగుకి ఏ డాక్టరూ ఏమీ చెప్పడు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.
మావయ్య,
కూర్మనాథం

*

విశాఖపట్నం
17 జూన్ 2024

మావయ్యకి, అత్తకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. అప్పలసూరి గారికి నా నమస్కారం చెప్పండి.

ఇక్కడ మా రామూర్తి గారి పని అయోమయంగా ఉంది. మొన్న శనివారం ఒక్క పూటలోనే ఆయన గుండె అయిదుసార్లు ఆగింది. పిల్లలు నాలుగుసార్లు బతికించారు, ఆఖరిసారి మాత్రం ఆలస్యమైంది. కంగారు పడకండి, రామూర్తి గారంటే బొమ్మ. మా ప్రాక్టీసు గదిలో మంచం మీద పడుకోబెట్టిన నిలువెత్తు రబ్బరు మనిషి. కంప్యూటరుతో ఆయనకి ఊపిరి పెట్టొచ్చు, జ్వరం తెప్పించొచ్చు. ఆ పేరు పిల్లలే పెట్టారు. అసలు రోగి దగ్గరికి వెళ్ళేముందు వాళ్ళు ఆయన మీదే చెయ్యి అలవాటు చేసుకుంటారు. ఫోన్ పట్టుకుంటే కళ్ళు మూసుకుని నడిపే పిల్లలు, మందు ఎక్కించే పంపు చేతికిస్తే బిక్కచచ్చిపోతారు. మీట ఏదో తెలియక కాదు. అవతల ప్రాణం ఉందన్న భయం.

మీరు నవ్వుతూ రాసిన నీలిమ సంగతి మాత్రం నాకు నవ్వు తెప్పించలేదు మావయ్యా. అమ్మ చివరి రోజులు మీకు గుర్తే. అప్పుడు మన వైపు ఈ డయాలసిస్ కేంద్రాలేవీ లేవు. రైలెక్కించి ఎక్కడెక్కడికో తిప్పాం. ఒక ఆసుపత్రిలో యంత్రం కీచుమని అరుస్తుంటే ఎవరో వచ్చి, మీట నొక్కి, దాని నోరు మూయించి వెళ్ళిపోయారు. అమ్మ మొహం వైపు తల తిప్పి చూడలేదు. ఆవిడ మొహం ఎంత పాలిపోయిందో పక్కన నిలబడ్డ నాకు కనిపించింది. అప్పుడు నేను ఇంటర్ పిల్లని. ఎవరిని పిలవాలో తెలియలేదు. మీరు వరండాలో పరిగెత్తి డాక్టర్ని పిలుచుకొచ్చారు. ఆ రోజు అమ్మ దక్కింది మీ వల్లే. తర్వాత నన్ను నర్సింగులో చేర్చడానికి టెక్కలి నుంచి బస్సులో తోడొచ్చిందీ మీరే. నాకున్న ఈ ఉద్యోగం, ఈ బతుకు, ఆ బస్సులో మొదలైంది.

అందుకే క్లాసులో మొదటి రోజు బోర్డు మీద రాస్తాను: యంత్రాన్ని కాదు, మనిషిని చూడు.

మీ కేంద్రం ఇన్‌ఛార్జి సిస్టర్ భవానక్క కాలేజీలో నాకు సీనియర్. ఆమెకి ఫోన్ చేశాను. రోగుల మొహం చూడకుండా టాబ్లెట్ చూసే నర్సు ఒకామె ఉందట, గమనించమని చెప్పాను. మీ పేరు చెప్పలేదు. ఇక మీకు ఇబ్బంది ఉండదు.

మందులు మానకండి. నీళ్ళు కొలిచి తాగండి.

మీ
హరిప్రియ

*

కాశీబుగ్గ
28 జూన్ 2024, శుక్రవారం

హరిప్రియమ్మకి,

ఎంత పని చేశావే తల్లీ!

ముందు చిన్న గొడవ చెప్పేస్తాను. నీ ఉత్తరం నేను అరుగు మీద కూర్చుని పైకి చదువుతుంటే మీ అత్త వంటింట్లోంచి సగమే వింది. రామూర్తి గారి గుండె అయిదుసార్లు ఆగిందన్నంత వరకు వింది. బొమ్మ అన్న మాట పోపు చప్పుడులో పోయింది. సాయంత్రం వీధిలో అందరికీ చెప్పేసింది. "మా హరిప్రియ దగ్గర రామూర్తని ఓ పెద్దమనిసి ఉన్నాడు, పాపం, ఇయాలో రేపో" అని. రబ్బరు మనిషని చెబితే నమ్మదు. "రబ్బరోడికి గుండెందుకు?" అంటుంది. ఈ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు ఆయన కులాసాగా ఉన్నాడని ఒక ముక్క రాయి, పీడ వదులుతుంది.

ఇప్పుడు పెద్ద గొడవ. నీలిమ కనిపించడం లేదు. సోమవారం లేదు, బుధవారం లేదు. సెలవనుకున్నాను. ఇవాళ అప్పలసూరి ఆరా తీశాడు. పిల్లని మంచాల దగ్గర్నుంచి తీసేసి వెనక స్టోరు గదిలో పెట్టారట. సూదులూ గొట్టాలూ ఎన్నొచ్చాయి, ఎన్ని వెళ్ళాయి, అదీ ఆ పిల్ల పని. రోగులు ఫిర్యాదు చేశారని చెప్పారట. ఎవరు చేశారో చెప్పలేదట.

అప్పలసూరి నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. "బావా, నివ్వేనేటి?" అన్నాడు. "నేను మా మేనకోడలికి నవ్వులాటకి రాశాన్రా" అన్నాను. "నవ్వులాటలు రాత్తే ఇలాగే ఉంటాది. నోటితో అంటే గాలికి పోతాది" అన్నాడు. ఇవాళంతా నాతో మాట్లాడలేదు. నాలుగు గంటలు మాట్లాడకుండా పక్కపక్కన పడుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు.

భవానికి నేనే చెప్పాను, ఆ పిల్ల మీద నాకే కంప్లయింటూ లేదని. ఆవిడ నవ్వి, "మీరు మంచోరు కాబట్టి అలాగంటారు" అంది. మనిషి మంచితనం కూడా ఒక్కోసారి అడ్డం పడుతుంది చూడు.

నువ్వు నా కోసమే చేశావు. అది నాకు తెలుసు. కానీ అమ్మా, ఆ పిల్లని ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

మావయ్య

*

విశాఖపట్నం
5 జూలై 2024

మావయ్యకి,

రామూర్తి గారు కులాసాగా ఉన్నారు. ఈ మాట అత్తకి పైకి చదివి వినిపించండి.

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. మీకు మంచి చెయ్యబోయి ఒక ఉద్యోగం చేసుకునే ఆడపిల్లని బాధపెట్టాను. భవానక్కతో మళ్ళీ మాట్లాడాను. ఆ పిల్లని స్టోరులోంచి వెంటనే తిప్పి పంపడం కష్టమంది, అందరి ముందూ తన మాట పోతుందని. అందుకే నేనొక దారి చూశాను. మా కాలేజీలో పనిచేస్తున్న నర్సులకి వారం రోజుల శిక్షణ ఒకటి జరుగుతుంది. కొత్త యంత్రాలు, రికార్డులు టాబ్లెట్‌లో రాయడం, అలారం మోగితే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఉంటాయి. నీలిమని దానికి పంపమన్నాను. తిరిగొచ్చాక మంచాల దగ్గర వేస్తానని భవానక్క ఒప్పుకుంది. కాగితం కూడా ఈ వారమే పంపించేశాం.

ఆ పిల్ల సంతోషిస్తుందనుకుంటున్నాను. మీరు కూడా అప్పలసూరి గారితో రాజీ పడండి. ఇక్కడ వాన పట్టుకుంది. మన తోటలో ఎలుగు ఇంకా వస్తోందా?

మీ
హరిప్రియ

*

కాశీబుగ్గ
17 జూలై 2024, బుధవారం

హరిప్రియమ్మకి,

నేను బాగున్నాను. ఈ మాట ముందు రాస్తున్నాను, ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదువు. మీ అత్తకి ఇందులో సగం చెప్పలేదు.

నీ కాగితం నీలిమకి అందింది. సంతోషించలేదమ్మా. స్టోరు గది గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగితే, "శిక్షణంటే ఏటి బాబాయ్, అందులో శిక్ష ఉండనే ఉంది కదా. తప్పు సేసినోళ్ళనే పంపుతారు. వాళ్ళు పంపేలోగా నానే మానీత్తాను" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాజీనామా రాసుకుందని కూడా తెలిసింది.

నాకు మనసు మనసులో లేదు. ఏదో ఒకటి చెయ్యాలి కదా. మొన్న సోమవారం వస్తూ వస్తూ ఆ పిల్లకని సంచిలో పనస తొనల డబ్బా, జీడిపప్పు పొట్లం, రెండు కొబ్బరికాయలు పెట్టుకొచ్చాను. జోరు వాన. సంచి భుజానికి తగిలించి పైన వానకోటు తొడుక్కున్నాను. తీస్తే అప్పలసూరి కంట పడుతుంది, పడితే తినడానికి వీల్లేని ఆ పప్పు వాడే ముందు నోట్లో వేసుకుంటాడు. అందుకని కోటుతోనే కాటా ఎక్కాను. ఆ రోజు నా దగ్గరున్న నర్సు ఒక్కర్తే ఆరు మంచాలు చూసుకుంటోంది. "కోటు తీయండి" అంది. "చలిగా ఉందమ్మా, తరవాత తీస్తాను" అన్నాను. పాపం, ఆవిడ నా మాట నమ్మి బరువు పలకలో ఎక్కించింది. తరవాత సంచిని చాటుగా మంచం కిందికి తోసేశాను.

నీకు తెలిసిందే కానీ నాకు ఆ రోజే తెలిసింది. నేనుండాల్సిన బరువు కన్నా ఎంత ఎక్కువుంటే, అంతా ఒంట్లో చేరిన నీరనే లెక్క. అంత నీరూ తీసెయ్యమని యంత్రానికి చెబుతారు. కొబ్బరికాయల బరువు, పనస తొనల బరువు కూడా నా ఒంట్లోంచే లాగడం మొదలుపెట్టింది. యంత్రానికి అబద్ధం చెప్పడం రాదు. మనం చెప్పిన అబద్ధాన్ని మాత్రం పాపం నమ్మేస్తుంది.

సగం సమయం గడిచాక పిక్కలు పట్టేశాయి. ఎవరో తాడు పేనినట్టు మెలిపెట్టేస్తోంది. తరవాత నొప్పి కూడా దూరంగా పోయింది. చెమట పట్టింది, చెవుల్లో హోరు. అప్పలసూరి నాతో మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి "సిస్టరో! బావ మొకం తెల్లబడిపోతంది, బేగి రండి!" అని అరిచాడు. అటు చివర ఇంకో రోగి సూది సరిచేస్తున్న నర్సు తలెత్తేలోగా, స్టోరు వైపు తలుపు తోసుకుని నీలిమ పరిగెత్తుకొచ్చింది. చేతిలో పలక ఉంది.

"బాబాయ్! నిన్న నీళ్ళెక్కువ తాగీసినావా?"

తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల వంగి నా పాదం మీద వేలితో నొక్కి చూసింది. "పొంగనేదు. మరి ఈ బరువెక్కడిది?" అంటూనే రెండో చెయ్యి యంత్రం అద్దం మీద నడిపిస్తోంది. నీరు లాగడం ఆపింది. మంచం తల వైపు దించింది, కాళ్ళు పైకెత్తింది, సెలైన్ వదిలింది. ఒక్క కదలికలో తడబాటు లేదు. అప్పుడు చూసింది మంచం కింద సంచి. "ఓలమ్మో! ఇది మోసుకుని కాటా ఎక్కినావా?" అంది. నాకు అప్పుడు నవ్వొచ్చింది. నవ్వొచ్చిందంటే ప్రాణం తిరిగొచ్చినట్టే.

డాక్టరొచ్చి చూసి, చెయ్యాల్సిందంతా చేసేశావని నీలిమని మెచ్చుకుని వెళ్ళాడు. నేను కుదుటపడ్డాక అడిగాను, స్టోరులో ఉన్నదానివి నీకెలా తెలిసిందమ్మా అని. సామాన్ల లెక్క రాసే పలకలోనే అందరి వివరాలూ కనిపిస్తాయట. "అలవాటు పోలేదు బాబాయ్. మీ అందరి బరువు గీతలు రోజూ ఓపాలి సూసుకుంటాను. మీ గీత ఎప్పుడూ సిన్న సిన్న అలలాగుంటాది. ఇయాల ఒక్కసారే కొండెక్కీసింది" అంది.

అంటే ఏమీ చూడకుండా పలక చూస్తుందనుకున్న రోజులన్నీ ఆ పిల్ల నన్నే చూస్తోందమ్మా. నిన్నటి నన్నూ, మొన్నటి నన్నూ, పోయిన నెల నన్నూ పక్కపక్కన పెట్టి చూస్తోంది. "పలక సూడ్డం మానీమంటే మిమ్మల్నెలా సూసేది?" అని అడిగింది. ఆ ఫిర్యాదుకి మూలమైన ఉత్తరం రాసింది నేనేనని చెప్పాను. మీ అమ్మ సంగతి కూడా చెప్పాను, నువ్వెందుకలా బెదిరిపోయావో తెలియాలని. అంతా వింది. తరవాత నా దుప్పటి సర్ది వెళ్ళింది.

ఇప్పుడు నా మాట విను. ఆ పిల్లని నీ దగ్గరికి రప్పించు, కానీ తప్పు చేసినదానిలా కాదు. మొన్న జరిగింది మీ పిల్లలకి చెప్పమని పిలువు. పిలుపు నీ చేతి రాతతో రాయి. రాజీనామా కాగితం నాలుగు రోజులు ఆపమని నేను బతిమాలాను.

అప్పలసూరి మళ్ళీ మాట్లాడుతున్నాడు. జీడిపప్పు పొట్లం ఎక్కడుందని మాత్రమే అడుగుతున్నాడు.

మావయ్య

*

విశాఖపట్నం
10 ఆగస్టు 2024

మావయ్యకి,

మీ ఉత్తరం తెరిచి, మొదటి వాక్యం దగ్గర ఆగి, కూర్చుని, మళ్ళీ చదివాను. ముందు అది రాసినందుకు మీకు దణ్ణం.

నీలిమ వచ్చింది, వారం ఉంది, నిన్ననే వెళ్ళింది. మా ఇంట్లోనే ఉంచుకున్నాను. రైలు దిగగానే స్టేషనులోనే క్షమించమని అడిగాను. అది ఎలా అడగాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను, తీరా ఆ పిల్ల ఎదురుపడేసరికి క్షమించమన్న ఒక్క మాటే వచ్చింది. "మీ అమ్మగారి సంగతి బాబాయ్ సెప్పారు మేడమ్. నానైనా అలాగే భయపడిపోదును" అంది. అంతే. ఇంకేమీ అననివ్వలేదు.

రెండో రోజు క్లాసులో నిలబెట్టాను. రామూర్తి గారి చేత సంచి మోయించాం. ఆయన బరువులో రెండు కిలోలు కలిపి, కంప్యూటరులో రక్తపోటు పడేలా పెట్టి, పిల్లల్ని వదిలాను. అలారం మోగింది. మొదటి జట్టులో ఒకమ్మాయి మీట నొక్కి అలారం ఆపేసి నిలబడిపోయింది. రెండో జట్టు నేను నేర్పినట్టే బొమ్మ మొహం చూసింది, నాడి పట్టుకుంది, ధైర్యం చెప్పింది, కానీ యంత్రం వైపు తిరగలేదు. అది నీరు లాగుతూనే ఉంది. రామూర్తి గారు పోయారు. (ఈ వాక్యం అత్తకి చదవకండి.)

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను మావయ్యా. ఇన్నేళ్ళుగా బోర్డు మీద రాస్తున్న మాట సగమేనని అర్థమైంది. అమ్మ పక్కన నిలబడిన ఆ రోజు నుంచి నాకు యంత్రాల మీద కోపం. ఆ కోపాన్నే పాఠంగా చెబుతూ వచ్చాను.

ఒక కుర్రాడు నీలిమని అడిగాడు: "అక్కా, పలక చెప్పేది నమ్మాలా, పేషెంటు చెప్పేది నమ్మాలా?" నీలిమ, "రెండిటినీ ఎదురెదురుగా కూసోబెట్టాల. మాటలు కలవనేదంటే, అప్పుడు నువ్వు లేచి కాలు నొక్కి సూడాల, మంచం కింద సూడాల" అంది. క్లాసంతా నవ్వింది. నవ్వుతూనే రాసుకున్నారు.

నేను కూడా ఆ పిల్లకి ఒకటి చెప్పగలిగాను. తను గీతలు చూస్తున్నప్పుడు నోరు విప్పదు. పక్కనున్న మనిషికి అది తనని పట్టించుకోకపోవడంలాగే కనిపిస్తుంది. "మాటలు నాకు సిన్నప్పట్నుంచీ రావు మేడమ్" అంది. అయితే చూస్తున్నదే పైకి చెప్పమన్నాను. ఇప్పుడు మీ బరువు చూస్తున్నాను, ఇప్పుడు పోయిన వారంతో పోల్చి చూస్తున్నాను, ఇలా. మూడు రోజులు రామూర్తి గారితో మాట్లాడించాను. మొదట సిగ్గుపడింది. తర్వాత ఆయనకి తిట్లు కూడా మొదలుపెట్టింది, "ఎవరు తాగమన్నారు నిన్ను మజ్జిగ" అని.

ఇక నుంచి మా పిల్లలు కాటా దగ్గర మొదట నేర్చుకునేది ఒక ప్రశ్న: మీ దగ్గర ఇంకేమైనా ఉందా? ఆ ప్రశ్నకి కారణం ఎవరో వాళ్ళకి తెలుసు. మీ పేరు చెప్పొచ్చా అని అడగలేదు, చెప్పేశాను. కోప్పడకండి.

మీరు బతికి ఉన్నారు. ఈ మాట కాగితం మీద చూసుకోవాలనిపించి రాస్తున్నాను. మిమ్మల్ని నాకు మిగిల్చిన ఆ పిల్లకి ఏమిచ్చినా తక్కువే.

మీ
హరిప్రియ

*

కాశీబుగ్గ
20 సెప్టెంబర్ 2024, శుక్రవారం

హరిప్రియమ్మకి మావయ్య దీవెనలు.

రామూర్తి గారి వాక్యం మీ అత్తకి చదవలేదు. కానీ కాగితం బల్ల మీద వదిలేశాను, పక్కింటి పిల్ల చేత చదివించుకుంది. ఒక పూట ఉపవాసం ఉంది. తరవాతి వారం నువ్వు ఫోన్లో ఆయన లేచి కూర్చున్నాడని చెప్పావుగా, అప్పట్నుంచి మీ కాలేజీలో చనిపోయినవాళ్ళని బతికిస్తారని ఊరంతా చాటుతోంది. ఇక నేనేమీ సరిచెయ్యదలుచుకోలేదు.

నీలిమ మంచాల దగ్గరికి వచ్చేసింది. భవానే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "ఇగో మీ పలకమ్మ" అని మా ముందు నిలబెట్టింది. అక్కడున్న అందరిలోకీ ఆవిడే ఎక్కువ సంతోషించిందని నాకనిపించింది. నువ్వు నేర్పిన మాటలు ఆ పిల్లకి బాగా వంటబట్టాయి. ఇప్పుడు ఆపడం మా వల్ల కావడం లేదు. "పలకలో మీ గీత సూత్తన్నాను బాబాయ్, బుధవారం కంటే దిగింది, మంచిదే, రక్తపోటు పరవానేదు" అంటూ నాలుగు గంటలూ సాగుతుంది. "బావా, మూగదాన్ని పంపితే రేడియో సేసి పంపింది మీ కోడలు" అంటాడు అప్పలసూరి. అంటాడే గానీ, తన వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల ఒక్క ముక్క తక్కువ చెబితే ఊరుకోడు. "నా గీతేటి సెప్పనేదు?" అని పిలుస్తాడు. పలక తిప్పి చూపిస్తే తెడ్డు వేసిన చేత్తో ఆ గీత మీద వేలు పెట్టి, ఎక్కడ ఎక్కిందో ఎక్కడ దిగిందో చూసుకుంటాడు. చదువు రానివాడు. సముద్రం మీద గాలినీ నీటినీ చదివినవాడికి గీత చదవడం కష్టమా?

నేను కూడా నాది చూసుకుంటున్నాను. తమ్ముడి ఇంట్లో భోజనానికి వెళ్ళిన రోజు గీతలో చిన్న మూపురం ఉంది. రెండు గ్లాసుల మజ్జిగ అది. తాగినప్పుడు ఎవరూ చూడలేదనుకున్నాను.

ఈ సోమవారం టెక్కలి నుంచి నర్సింగు చదివే ఆడపిల్లలు వచ్చారు. పుస్తకాల్లో అంతా చదివారట, నిజం రోగి దగ్గర నిలబడడం ఇదే మొదలు. వాళ్ళకి నేర్పే పని నీలిమది. నువ్వు చూసి ఉండాల్సింది. మొన్నటిదాకా స్టోరు గదిలో కళ్ళు తుడుచుకున్న పిల్ల, అయిదుగురిని వెనకేసుకుని మంచం మంచానికీ తిరుగుతోంది.

వాళ్ళలో సహస్ర అని ఒకమ్మాయిని ఇవాళ నా దగ్గర వదిలింది. సన్నగా, రెండు జడలేసుకుని, నీ ఇంటర్ రోజుల్లో నువ్వున్నట్టే ఉంది. పలక చేతికిచ్చారు. నా బరువు ఎక్కించింది, తప్పు పడింది, చెరిపింది, మళ్ళీ ఎక్కించింది. అంతలో యంత్రం కీచుమంది. నేను చెయ్యి కాస్త మడిచాను, గొట్టం నొక్కుకుంది, అంతే. ఆ పిల్ల అక్కడే రాయిలా నిలబడిపోయింది. నీలిమ రెండడుగుల దూరంలోనే ఉంది, చూస్తోంది, కానీ రాలేదు. రానక్కర్లేదని ఆగిందని నాకర్థమైంది.

సహస్ర నా మొహం చూసింది. "తాతా, ఎలాగుంది? ఏటైనా అవుతందా?" అంది. బాగానే ఉందన్నాను. అప్పుడు యంత్రం అద్దం చదివింది. గొట్టం మీద చూపు నడిపించుకుంటూ నా మోచేతి దాకా వచ్చింది. "సెయ్యి సాపుతారా తాతా" అంది. చాపాను. అరుపు ఆగింది. మీట నొక్కి ఆపలేదమ్మా, కారణం తీసేసి ఆపింది. ఆ తరవాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇంతసేపు పట్టింది నాకు. అక్కయితే సిటికెలో సేసీసేది. మిమ్మల్ని కంగారెట్టీసినాను తాతా" అని.

నేను ఏమన్నానో చెబుతాను. ముందుగా అనుకున్న మాట కాదు, నోటికి వచ్చేసింది.

"నిదానంగా నేర్సుకో తల్లీ. నాకేటి తొందర? నానెక్కడికీ ఎల్లను. నాలుగు గంటలూ నీ దగ్గరే ఉంటాను."

ఇన్నేళ్ళూ నన్ను ఈ మంచానికి కట్టేసిన గంటల్ని తిట్టుకున్నాను. ఇవాళ మొదటిసారి వాటిని ఒకరికి ఇవ్వగలిగాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, పలక తీసుకుని, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. ఈసారి ఒక్క అంకె కూడా చెరపలేదు.

మావయ్య,
కూర్మనాథం